దేశవాళీ దోమల రక్షణ

గుత్తుల పెద్దిరాజుది మండపేట. రైసు మిల్లుల్లో యంత్రాలు బిగించడం ఆయన పని. నూక ఎక్కువ పడుతోందన్నా, పొట్టు సరిగా ఊడటం లేదన్నా చుట్టుపక్కల మిల్లుల వాళ్ళు ముందు ఆయనకే కబురు పెట్టేవారు. ఆయన వచ్చి యంత్రం పక్కన ఓ పది నిమిషాలు ఊరికే నిలబడి, చప్పుడు విని, "ఎడంపక్క బేరింగండీ" అనేవాడు. విప్పి చూస్తే ఎడంపక్క బేరింగే. ఆ పేరు ఆ నోటా ఈ నోటా పడి సముద్రాలు దాటింది. యుగాండాలో కొత్తగా మిల్లు పెట్టిన ఒక ఆసామి నాలుగు నెలల పనికి ఆయన్ని పిలిపించుకున్నాడు.

వెళ్ళే ముందు పెద్దిరాజు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాడు. ఆ దేశాల్లో దోమకాటు వల్ల ఆ జ్వరం వస్తుంది. మన దేశంలో ఆ జ్వరం లేదు. కాబట్టి అక్కడికి వెళ్ళి వచ్చేవాళ్ళు టీకా వేయించుకోవాలి, వేయించుకున్నట్టు పచ్చ కార్డు చూపించాలి. టీకా వేసిన పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది. అక్కడి నుంచి జీవితాంతం చెల్లుతుంది. ఇందులో నవ్వవలసిందేమీ లేదు, మంచి నియమమే. పెద్దిరాజు కూడా అలాగే అనుకుని కార్డును భద్రంగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

యుగాండాలో బట్టలుతికే ఆవిడ చాలా శ్రద్ధగలది. ఆ చొక్కాను ఆవిడ జేబులతో సహా ఉతికింది. తిరుగు ప్రయాణానికి ఎనిమిది రోజుల ముందు పెట్టె సర్దుకుంటుంటే కార్డు ఉండాల్సిన చోట పచ్చటి ముద్ద ఒకటి కనిపించింది. నకలు కావాలంటే మొదట టీకా వేసిన చోటికే వెళ్ళాలన్నారు. ఆ చోటు ఇండియాలో ఉంది. చేసేదిలేక పెద్దిరాజు అక్కడే మళ్ళీ టీకా పొడిపించుకుని కొత్త కార్డు తీసుకున్నాడు. ఒంట్లో మందు రెండుసార్లు పడింది, ఇంక భయమేమిటి అనుకున్నాడు పాపం.

ఒక శనివారం పొద్దున ఆయన విమానం దిగాడు. ఆరోగ్య తనిఖీ బల్ల దగ్గర డాక్టర్ పరాంకుశం కూర్చుని ఉన్నారు. ప్రయాణికుల జ్వర నిరోధక విభాగానికి ఆయనే అధికారి. సన్నగా, తెల్లగా, ఇస్త్రీ నలగని మనిషి. కార్డును అటు తిప్పి ఇటు తిప్పి, వేళ్ళు మడిచి లెక్కపెట్టి, తల పైకెత్తారు.

"మీ కార్డు పచ్చిగా ఉంది."

"పచ్చదే కదండీ ఇచ్చేది?" అన్నాడు పెద్దిరాజు.

"రంగు సంగతి కాదు. ఎనిమిది రోజులే అయింది. పది నిండితే గాని అది పండదు."

పెద్దిరాజు జరిగింది చెప్పాడు. చొక్కా సంగతి, మొదటి టీకా సంగతి, రెండు జబ్బల మీదా పొడిపించుకున్న సంగతి. పరాంకుశంగారు ఓపిగ్గా విన్నారు. ఆయన వినే మనిషే. విన్నాక అన్నారు: "మీ శరీరంలో మందు ఉందని నేను నమ్ముతున్నాను. కానీ శరీరం దస్తావేజు కాదు."

"పోనీ ఇంకో రెండ్రోజుల్లో పదీ అవుతాయి కదండీ? రెండ్రోజులు ఇక్కడుండి పోతాను."

"మీరు దిగిన క్షణాన అది పచ్చిది. తర్వాత అది పండితే దాని అదృష్టం. మీరు మాత్రం ఆరు రోజులు ఏకాంత పరిశీలనలో ఉండాలి."

పెద్దిరాజు మనసులో వేళ్ళు మడిచాడు. శని, ఆది, సోమ, మంగళ, బుధ, గురు. శుక్రవారం పొద్దున వదిలేస్తారు. ఆ తర్వాతి ఆదివారం పొద్దున ఏడూ నలభైకి మండపేట బస్టాండు రోడ్డులో ఆయన భార్య సత్యవేణి టిఫిన్ కొట్టు ప్రారంభం. ఎనిమిదేళ్ళు ఇంటి అరుగు మీద ఇడ్లీలు వేసి, ఇప్పటికి సొంతంగా కొట్టు పెట్టుకుంటోంది. ముహూర్తానికి పక్కన నిలబడతానని మాటిచ్చాడు. శుక్రవారం వదిలినా శనివారానికల్లా ఇంటికి చేరతాడు. పరవాలేదనుకుని పెట్టె ఎత్తుకున్నాడు.

ఆ విభాగం వాళ్ళ భవనం విమానాశ్రయానికి కాస్త అవతల ఉంది. గదిలో మంచం, పరుపు, కిటికీ ఉన్నాయి. కిటికీకి దోమల జాలీ ఉండాలి. ఉంది కూడా. కానీ ఒక మూల చిరిగి, పిల్లి దూరేంత కంత పడింది. కొత్త జాలీ కోసం మూడు నెలల క్రితమే పైకి రాశారట. అది వచ్చేలోగా కంత పక్కన పెద్ద అక్షరాలతో బోర్డు తగిలించారు: "దోమలకు ప్రవేశం లేదు."

మొదటి రోజు సాయంత్రం పరాంకుశంగారే స్వయంగా వచ్చి దినపత్రిక ఇచ్చి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మిమ్మల్ని దోమల నుంచి కాపాడటానికి ఇక్కడ పెట్టామని అనుకుంటున్నారా?" అని అడిగారు.

"అంతే కదండీ?"

"కాదు. దోమల్ని మీ నుంచి కాపాడటానికి." ఆయన కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నారు. "మన దోమకి డెంగీ తెలుసు. చికున్ గన్యా తెలుసు. ఎల్లో ఫీవర్ మాత్రం ఈనాటికీ తెలియదు. మీవంటి పరదేశ ప్రయాణికుడి రక్తం ఒక్క చుక్క తాగితే చాలు, ఆ అమాయకత్వం పోతుంది. ఆ అమాయకత్వాన్ని కాపాడటమే ఈ విభాగం పరమావధి. ఇరవై ఆరేళ్ళుగా నా సర్వీసులో ఒక్క దేశవాళీ దోమ కూడా చెడిపోలేదు."

పెద్దిరాజుకు ఆ మాటల్లో తప్పేమీ కనిపించలేదు. నిజానికి శాస్త్రం చెప్పేది అదే. కాకపోతే తను ఇప్పుడు దోమకి ఎంత దూరంలో ఉండాలన్నది ఆయనకి అర్థం కాలేదు. కంతలోంచి అప్పటికే రెండో మూడో వచ్చి గదిలో తిరుగుతున్నాయి.

ఆది, సోమ వారాలు బాగానే గడిచాయి. పూటపూటకీ సిస్టర్ ఎలీశమ్మ వచ్చి జ్వరం చూసి, కాగితంలో రాసుకుని వెళ్ళేది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దావిడ, నెమ్మదస్తురాలు. మంగళవారం పొద్దున ఆవిడ ఎప్పటిలాగే ఫారం చదివింది.

"జ్వరం లేదు. వాంతులు లేవు. గత ఇరవై నాలుగు గంటల్లో దోమకాటు... లేదని రాసేస్తన్నా నాయనా."

"ఏదో కుట్టిందండి సిస్టరుగారూ," అన్నాడు పెద్దిరాజు చెయ్యి గోక్కుంటూ.

ఎలీశమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "లేదని రాసుకుంటే నీకూ సుఖం, నాకూ సుఖం. ఎందుకొచ్చిన గొడవ నాయనా?"

"మరి కుట్టింది కదండీ."

బోల్టు ఒక్క మర వదులుగా ఉన్నా వదులుగా ఉందని చెప్పడమే ఆయనకి అలవాటు. ఎలీశమ్మ నిట్టూర్చి "ఉన్నది" అనే గడిలో టిక్కు పెట్టింది.

పది నిమిషాల్లో పరాంకుశంగారు పరుగున వచ్చారు. ఇస్త్రీ నలిగింది.

"మా దోమకి ఎంత పని చేశారండీ!"

"నేనేం చేశానండీ? అదే కుట్టింది."

"అది కుట్టింది. మీరు కుట్టించుకున్నారు." ఆయన మంచం చివర కూలబడ్డారు. "దోమ ఒంట్లో ఆ రోగం పక్వానికి రావడానికి పన్నెండు రోజులు పడుతుంది. ఆ దోమను పట్టుకోవాలి. పట్టుకుని పన్నెండు రోజులు పరిశీలనలో ఉంచాలి."

"ఉంచండి. నాకు జ్వరమే లేదు కదండీ."

"అది మీ పరిస్థితి. దోమ పరిస్థితి మనకింకా తెలియదు."

"అయితే శుక్రవారం నేను..."

"మీరూ ఉండాలి. రేపు దోమకి ఏమన్నా అయితే కారకులు ఎవరని పైవాళ్ళు అడగరూ?"

ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు వెలువడింది. గేటు దగ్గర కాపలా కాసే యాదగిరిని ప్రత్యేక విధుల మీద దోమల అన్వేషణాధికారిగా నియమించారు. ఒక తువ్వాలు, ఒక గాజు సీసా మంజూరు చేశారు. యాదగిరి కుదురైన మనిషి. ఆ భవనంలోని నలభై యాభై దోమల్లో ఏది కావాలో ఎలా తెలుసుకోవాలని అడిగాడు. అనుమానాస్పదంగా తిరిగేదాన్ని పట్టుకోమన్నారు.

బుధవారం సాయంత్రానికి యాదగిరి కేక వినిపించింది. "దొరికింది సార్! బాత్రూంల గోడకి నిలబడ్డది. నన్ను చూసి గూడ కదలలే. గీదే సార్!"

గురువారం గుర్తింపు కార్యక్రమం జరిగింది. వరండాలో బల్ల వేసి దాని మీద సీసా పెట్టారు. పెద్దిరాజును తన గది కిటికీ జాలీ వెనక నిలబెట్టారు. సీసాలో దోమ పత్తి ముక్క మీద దిగులుగా కూర్చుని ఉంది.

"మిమ్మల్ని కుట్టింది ఇదేనా? బాగా చూసి చెప్పండి," అన్నారు పరాంకుశంగారు.

పెద్దిరాజు వంగి చాలాసేపు చూశాడు. "మొహం సరిగా చూళ్ళేదండి అప్పుడు. నిద్దర్లో ఉన్నాను."

"ఇది కాదని చెప్పగలరా?"

"అలాగా చెప్పలేనండి."

పరాంకుశంగారు ఎలీశమ్మకి చెప్పి రాయించారు: "తనను కుట్టినది ఈ దోమ కాదని ప్రయాణికుడు రుజువు చేయలేకపోయాడు."

అక్కడి నుంచి దోమ హోదా మారిపోయింది. దానికి వేరే రిజిస్టరు తెరిచారు. వేడి తగలకూడదని పరాంకుశంగారి గదిలోనే కూలర్ పక్కన పెట్టారు. రోజుకి నాలుగుసార్లు పత్తి మీద పంచదార నీళ్ళు పొయ్యాలని యాదగిరికి పని పురమాయించారు. సీసా మూతికి కట్టడానికి జాలీ కావాలని పైకి రాస్తే అరగంటలో వచ్చింది. పెద్దిరాజు గది కిటికీకి మూడు నెలలుగా రాని జాలీయే అది. ఎందుకిలా అని ఆయన అడిగితే, కిటికీ జాలీ భవన నిర్మాణం పద్దు కింద వస్తుందనీ, సీసా జాలీ అత్యవసరం కిందకి వస్తుందనీ విశదంగా చెప్పారు.

శుక్రవారం వచ్చింది. వదిలేస్తారనుకున్న రోజు. పెద్దిరాజు పొద్దున్నే సత్యవేణికి ఫోన్ చేశాడు.

"బయల్దేరారా?" అందావిడ. వెనకాల గిన్నెల చప్పుడు.

"లేదు. ఇంకా ఉండాలంట."

"ఎన్నాళ్ళంటండీ?"

"పన్నెండ్రోజులు. నాక్కాదు, దోమకి."

"దోమకైతే మీరెందుకుండాలండీ?"

"తోడుగా."

"ముహూర్తం మార్చమని పంతులుగారినడగనా?" అంది సత్యవేణి.

"వద్దు. అందరికీ చెప్పేశావు. నువ్వెలిగించెయ్యి."

"ఎలిగిత్తాను లెండి. ఎలిగించడం నాకు రాకనా? ఎనిమిదేళ్ళు ఆ అరుగు మీద పొగలో ఒక్కదాన్నే కూచున్నాను. ఈ ఒక్క పూటా మీరు పక్కనుంటే బాగుండుననుకున్నానండి, అంతే." ఫోన్ పెట్టేసింది.

పెద్దిరాజు ఉప్మా ప్లేటు పక్కకి జరిపేశాడు. తను యుగాండాలో ఉన్న నాలుగు నెలలూ ఆవిడ ఒక్కతే మేస్త్రీల చుట్టూ, కరెంటు వాళ్ళ చుట్టూ తిరిగింది. ఒక్కసారీ ఏమీ అడగలేదు. అడిగిన ఈ ఒక్కటీ దోమ పాలైంది.

మనసుకి తోచక, తన మీద వచ్చిన ఉత్తర్వు నకలు తీసి చదవడం మొదలుపెట్టాడు. కొత్త యంత్రం వచ్చినప్పుడు దానితో పాటు వచ్చే పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవడం ఆయనకి అలవాటు. చాలామంది బిగింపుగాళ్ళు ఆ పుస్తకం అట్ట కూడా తియ్యరు. మూడో పేజీలో ఒక పట్టిక ఉంది. "సదరు దోమ వివరములు" అని పైన రాసి ఉంది. దొరికిన చోటు: స్నానాల గది. దొరికిన వేళ: ఐదుంబావు. ప్రవర్తన: నెమ్మది. ఆ కింద "జాతి, లింగము" అన్న గడి ఖాళీగా ఉంది.

ఆయన కాగితం పట్టుకుని పరాంకుశంగారి గదికి వెళ్ళాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు, లోపల దోమ ఉంది గనక.

"డాక్టరుగారూ, ఈ గడిలో ఏం రాయలేదండి."

పరాంకుశంగారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. మొహంలో రంగు పోయింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన చేతి మీదుగా ఖాళీ గడితో కాగితం పోలేదు.

"మిషను బిగించాక ఒక్క బోల్టు తక్కువున్నా మేం స్విచ్చి వెయ్యమండి. ఇదీ అంతే కదండీ?" అన్నాడు పెద్దిరాజు.

"అంతే, అంతే," అన్నారాయన, అప్పటికే ఫోన్ తీస్తూ.

శనివారం పొద్దున కీటక విభాగం నుంచి డాక్టర్ రెహానా వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. చేతిలో చిన్న పెట్టె, మెళ్ళో భూతద్దం. వచ్చీ రాగానే సీసా తీసి వెలుతురుకి పట్టుకుని చూసింది. మూడు క్షణాలు పట్టిందేమో.

"సార్, ఇది మగదోమ."

"అయితే?"

"మగదోమ కుట్టదు సార్. కుట్టేది ఆడదోమ ఒక్కటే. ఇది పూలరసం తాగి బతుకుతుంది. చూడండి, మీసాలు ఎంత కుచ్చుగా ఉన్నాయో."

వరండాలో అందరూ సీసా చుట్టూ మూగారు. "అరెరె, మంచోన్ని పట్టినమా?" అన్నాడు యాదగిరి నొచ్చుకుంటూ.

పరాంకుశంగారు మాత్రం ఆ వార్తను శాఖాపరంగా తీసుకున్నారు. నిటారుగా నిలబడ్డారు. "అంటే అసలు దోమ ఇంకా బయటే ఉందన్నమాట. మంగళవారం నుంచి ఈ భవనంలో యథేచ్ఛగా సంచరిస్తోంది. అది ఎవరిని కుట్టిందో, వాళ్ళని మళ్ళీ ఏ దోమలు కుట్టాయో! సిస్టర్, రాయండి. ఈ భవనాన్ని తక్షణం మూసివేయవలెను. లోపల ఉన్న ప్రతి వ్యక్తీ నేటి నుంచి పన్నెండు రోజులు..."

ఎలీశమ్మ రాయడం ఆపింది. "లోపల ఉన్న ప్రతి వ్యక్తీ అంటే మనమేగా సారూ?"

పరాంకుశంగారు చుట్టూ చూశారు. ఎలీశమ్మ, యాదగిరి, రెహానా, పెద్దిరాజు. వాళ్ళ మధ్యలో తను. సోమవారం నాడు ఆయన మనవడికి అన్నప్రాశన.

నియమం ఆయన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుందని ఆయనకి అంతవరకు తట్టలేదు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అది ఆయన గొప్పతనమే అనాలి. సంతకం పెట్టడానికి కలం తీశారు. తీసి, మూత విప్పి, ఆ మూతనే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

"సార్," అంది రెహానా మెల్లగా, "ఆయన చేతి మీద కాటును ఎవరైనా చూశారా?"

అయిదు రోజులుగా అందరూ ఫారం చూశారు, రిజిస్టరు చూశారు, సీసా చూశారు. చెయ్యి మాత్రం ఎవరూ చూడలేదు.

పెద్దిరాజు చొక్కా చెయ్యి మడిచి చూపించాడు. మోచేతి కింద మూడు ఎర్రటి దద్దుర్లు, గీత గీసినట్టు వరసగా. రెహానా భూతద్దం పెట్టి చూసి, ఏమీ అనకుండా తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళింది. అందరూ వెనకాలే వెళ్ళారు. ఆవిడ పరుపు అంచు ఎత్తి, కుట్టు దగ్గర వేలితో విడదీసింది. ఎర్రటి పురుగు ఒకటి బద్ధకంగా బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి పోయింది.

"నల్లి," అంది రెహానా. "ఒకటి కాదు, సంసారాలే ఉన్నాయి. దోమ ఇలా వరస పెట్టి కుట్టదు సార్, ఇది నల్లి పని."

పరాంకుశంగారు ఊపిరి బిగబట్టి అడిగారు. "నల్లి వల్ల ఎల్లో ఫీవర్ వస్తుందా?"

"రాదు సార్."

"కచ్చితంగా?"

"కచ్చితంగా రాదు."

ఆయన కలానికి మూత పెట్టేశారు. మొహం తేటపడింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు మళ్ళీ మచ్చలేకుండా నిలబడింది. "అయితే ఇది మన విభాగం పరిధిలోకి రాదు. నల్లులకి మన నియమావళిలో చోటు లేదు. పెద్దిరాజుగారూ, మీరు స్వేచ్ఛగా వెళ్ళవచ్చు. నల్లుల విషయంలో మీకేమైనా ఫిర్యాదు ఉంటే సామగ్రి విభాగానికి రాసుకోండి. ఆరు వారాల్లో బదులొస్తుంది."

"నాకే ఫిర్యాదూ లేదండి," అన్నాడు పెద్దిరాజు, అప్పటికే పెట్టె మూస్తూ.

మగదోమ విడుదల మాత్రం కుదరలేదు. దాని పేర పన్నెండు రోజుల ఉత్తర్వు అప్పటికే పైకి వెళ్ళిపోయింది. నిర్దోషి అని తేలినా గడువు పూర్తి కావాల్సిందే. యాదగిరి పంచదార నీళ్ళ గిన్నె తీసుకుని, "నువ్వు పో అన్నా, దీన్ని నేను చూస్కుంట," అన్నాడు. ఎలీశమ్మ గేటు దాకా వచ్చి, "ఇంకెప్పుడూ అడిగిన ప్రతిదానికీ ఉన్నదున్నట్టు చెప్పకు నాయనా," అని దీవించి పంపింది. పరాంకుశంగారు చెయ్యి కలిపి, కార్డు తిరిగి ఇస్తూ, "ఇప్పుడిది బాగా పండింది. భద్రంగా దాచుకోండి," అన్నారు.

ఆదివారం పొద్దున ఏడుంబావుకి పెద్దిరాజు మండపేటలో బస్సు దిగాడు. బస్టాండు రోడ్డులో కొట్టు ముందు మామిడి తోరణం కట్టి ఉంది. పంతులుగారు, ఇరుగుపొరుగు, ఎనిమిదేళ్ళుగా అరుగు మీద తిన్నవాళ్ళు అందరూ గుమిగూడారు. సత్యవేణి కొత్త చీర కొంగు దోపుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. ఆయన్ని చూసి ఆవిడ కళ్ళు ఒక్కసారి మెరిశాయి. చేతిలో గరిటె పక్కన పెట్టేసి రెండడుగులు ముందుకొచ్చింది.

"వదిలేశారా? దోమేమయ్యింది?"

"దోమ కాదంట. నల్లులంట," అన్నాడు పెద్దిరాజు సంతోషంగా.

ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. చొక్కాని చూసింది. పెట్టెని చూసింది.

"నల్లులా? ఆగండక్కడ! నా కొత్త కొట్లోకి ఆ బట్టల్తో అడుగెట్టారంటే ఊరుకోను. ఆ పెట్టె రోడ్డవతల ఎండలో పెట్టండి. ఎనకాల కుళాయి ఉంది, తలారా తానం చెయ్యండి. ఆ బట్టలిటు ఇసిరెయ్యండి, ఉడకబెడతాను."

చుట్టూ జనం నవ్వుతున్నారు. ఇన్నాళ్ళూ ప్రతిదానికీ ఎందుకండీ, ఎలాగండీ అని అడుగుతూ వచ్చిన పెద్దిరాజు ఈసారి ఏమీ అడగలేదు. ఉత్తర్వు చూపించమనలేదు. ఎన్ని రోజులనీ అనలేదు. బుద్ధిగా పెట్టె ఎండలో పెట్టి, కుళాయి వైపు నడిచాడు.

సరిగ్గా ఏడూ నలభైకి సత్యవేణి పొయ్యిలు రెండూ వెలిగించింది. ఒకదాని మీద పాలు పొంగాయి. రెండోదాని మీద, ఒక పాత డేక్సాలో, పెద్దిరాజు చొక్కా, ప్యాంటు కుతకుతా ఉడికాయి. మొదటి వాయి దిగగానే ఆవిడ రెండు ఇడ్లీలు ప్లేటులో పెట్టుకుని, పంతులుగారిని కూడా దాటుకుని, కొట్టు వెనక్కి వెళ్ళింది. అక్కడ తలంతా తడిగా, నడుముకి తువ్వాలు చుట్టుకుని ఎండలో నిలబడి ఉన్నాడాయన.

"ఇక్కడే తినెయ్యండి. బట్టలారాక లోపలికి వద్దురు గాని," అంది. కానీ తిరిగి లోపలికి పోలేదు. ఆయన తినేదాకా పక్కనే నిలబడింది.